బొంబాయి ధర ఆదోనికి చేరిన దారి

ఆదోనిని పాత తరం వాళ్లు రెండో బొంబాయి అనేవారు. ప్రొద్దుటూరు వాళ్లూ తమ ఊరికి అదే బిరుదు చెప్పుకుంటారు. ఆ తగవు తీర్చే పని నేను పెట్టుకోను. పత్తి ఒక ఊరికి, బంగారం ఇంకో ఊరికి తెచ్చిపెట్టిన పేరది. రెండు ఊళ్లకూ ఉమ్మడి సంగతి ఒకటుంది. ధర ఇక్కడ పుట్టదు. ఎక్కడో తేలి, కబురుగా ఇక్కడికి వస్తుంది. ఆ కబురు ముందుగా ఎవరి చెవిన పడితే లాభం వాళ్లది.

ఇప్పుడు ఆ ఎదురుచూపు లేదు. ఆదోని మార్కెట్ యార్డు దగ్గర కమీషన్ దుకాణంలో కూర్చున్న కుర్రాడి ఫోనులో షేర్ల మార్కెట్ సూచీ నిఫ్టీ ప్రతి కదలికా అప్పటికప్పుడు కనబడుతుంది. ముంబయిలో ఉన్నవాడికీ తనకూ ఇక తేడా లేదని అతని నమ్మకం. మంగళవారం నిఫ్టీ వారపు ఆప్షన్ల (సూచీ ఎటు పోతుందన్న అంచనా మీద కొనే ఒప్పందాల) గడువు ముగుస్తుంది కాబట్టి ఆ రోజు ఆ నమ్మకం మరీ బలంగా ఉంటుంది. దాని వెనుక నూట అరవై ఏళ్ల కథ ఉంది. అది మొదలైనదీ పత్తితోనే.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. బొంబాయి పత్తికి రెక్కలొచ్చాయి. ఆదోని అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఈ నల్లరేగడి పత్తికీ ధర పెరిగింది. బొంబాయిలో పోగుపడిన డబ్బు షేర్ల మీదికి మళ్లింది. కొత్త బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్‌బే కంపెనీ, ఆ జోరుకు కేంద్రంగా ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అనే వ్యాపారి. బేరాలు చాలావరకు గడువు బేరాలు. ఇవాళ మాట ఇచ్చి, చెప్పిన తేదీన డబ్బు కట్టి షేరు తీసుకోవడం. అలాంటి గడువులు 1865 జులై 1న పెద్ద ఎత్తున వచ్చిపడ్డాయి. ఆలోపే యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది, కట్టవలసిన వాళ్ల దగ్గర డబ్బు లేదు. ప్రేమ్‌చంద్‌తో సహా ఎందరో దివాలా తీశారు. మన దేశంలో అసలైన మొదటి ఎక్స్‌పైరీ (గడువు) రోజు అదేనని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత పదేళ్లకు, 1875లో, దళారులు సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి.

పత్తి ధర మీద పందెం వేయడానికి పత్తి ముట్టుకోనక్కరలేదని బొంబాయి త్వరలోనే కనిపెట్టింది. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజి ప్రారంభ, ముగింపు ధరలు టెలిప్రింటర్ మీద బొంబాయికి వచ్చేవి. ఆ అంకెల మీద జనం డబ్బు కాసేవారు. 1961లో ఆ ధరలు రావడం ఆగింది. పందెం ఆగలేదు. చీటీల మీద అంకెలు రాసి కుండలో వేసి తీయడం మొదలుపెట్టారు. కుండను హిందీలో మట్కా అంటారు. ఆ ఆటలో ఓపెన్, క్లోజ్ అనే మాటలు ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. అవి ఒకప్పటి పత్తి ధరలని ఆడేవాళ్లలో ఎందరికి తెలుసో. పత్తి పండించే ఈ నేలకే ఆ ఆట తిరిగి వచ్చింది. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నా, ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ప్రొద్దుటూరులలో మట్కా బీటర్ల (చీటీలు రాసేవాళ్ల) అరెస్టు స్థానిక పత్రికకు పాతబడని వార్త.

షేర్ల వ్యాపారం మట్కా కాదు. షేరు వెనుక కంపెనీ ఉంటుంది, యంత్రాలు, మనుషులు, డివిడెండు ఉంటాయి. అయితే గడువు రోజున మధ్యాహ్నం రెండింటికి కొన్న ఇండెక్స్ (సూచీ) ఆప్షన్ వెనుక ఏముందని అడిగితే, నేను కాస్త ఆలోచించే జవాబు చెప్పాలి.

1990ల దాకా ఈ జిల్లాల్లో షేర్లు కొనేవాళ్లు తక్కువ, కొనే పద్ధతి ఓపికతో కూడుకున్నది. హైదరాబాదులో 1943 నుంచి స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేది. కర్నూలులో ఉన్నవాడు సబ్ బ్రోకరు చేత అక్కడికి ఫోను చేయించాలి. తాను కొన్న ధర సరైనదో కాదో మర్నాటి పేపరు చూసి తెలుసుకోవాలి. సర్టిఫికెట్లు పోస్టులో రావాలి, బదిలీ పత్రం మీద సంతకం సరిపోలకపోతే వెనక్కి పోవాలి. ఆ యాతన ఎవరూ కోరుకోరు. కానీ ఒక్కరోజులో యాభై సార్లు కొని అమ్మే వీలు లేకపోవడం కొందరి ఆస్తులను కాపాడిందన్నది నా అభిప్రాయం.

బొంబాయిలో మాత్రం గడువు బేరం చావలేదు. 1969లో ప్రభుత్వం షేర్లలో ఫార్వర్డ్ వ్యాపారాన్ని నిషేధిస్తే బద్లా బలపడింది. కొన్న షేరుకు పూర్తి డబ్బు కట్టకుండా, వడ్డీ చెల్లించి బేరాన్ని తర్వాతి గడువుకు జరుపుకోవడమే బద్లా. 1992లో షేర్ల బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. అదే ఏడాది షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారం వచ్చింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఉపగ్రహం ద్వారా పనిచేసే టెర్మినళ్లతో షేర్ల వ్యాపారం మొదలుపెట్టింది. మేడ మీద డిష్ పెట్టుకుంటే ఏ ఊళ్లో ఉన్నా బొంబాయి ధర అదే క్షణంలో చూడవచ్చు. 1996లో నిఫ్టీ సూచీ వచ్చింది, కాగితం సర్టిఫికెట్ల స్థానంలో డీమ్యాట్, అంటే షేర్లను కంప్యూటర్ ఖాతాలో ఉంచుకునే పద్ధతి, మొదలైంది. హైదరాబాదు ఎక్స్ఛేంజికి క్రమంగా పని లేకుండా పోయి, 2007లో గుర్తింపే పోయింది.

ఎల్.సి.గుప్తా కమిటీ సిఫారసుల మీద 2000 జూన్‌లో ఇండెక్స్ ఫ్యూచర్స్ (సూచీ మీద గడువు బేరాలు), ఏడాది తర్వాత ఇండెక్స్ ఆప్షన్లు వచ్చాయి. బ్రోకరు కేతన్ పరేఖ్ కుంభకోణం తర్వాత 2001 జులైలో బద్లాకు స్వస్తి పలికారు. ఉద్దేశం మంచిదే. షేర్లు దాచుకున్నవాడు మార్కెట్ పడిపోతే నష్టం తగ్గించుకునేందుకు, పంటకు బీమా కట్టినట్టు, ధర పడితే విలువ పెరిగే పుట్ ఆప్షన్ కొనుక్కోవాలి. తీరా పొలం లేనివాళ్లు పంట బీమా కొనడం మొదలైంది.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో భారీ కల్పన ఉందని తేలినప్పుడు, కంపెనీ షేరు కొని పెట్టుకోవడమే భద్రమన్న నమ్మకమూ మన రాష్ట్రంలో చాలామందికి సడలింది. ఆ గాయం మానడానికి దశాబ్దం పట్టింది.

గడువును వారానికి కుదించడం 2016లో బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీతో మొదలై 2019లో నిఫ్టీకి వచ్చింది. 2020 మార్చిలో కరోనా భయంతో మార్కెట్ కుప్పకూలి, అంతే వేగంగా లేచింది. ఇళ్లలో ఉన్న జనం ఆధార్‌తో నిమిషాల్లో ఖాతాలు తెరిచారు. అప్పుడు దాదాపు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు 2024కు 17 కోట్లు దాటాయి. ఎక్స్ఛేంజీలు పోటీ పడి ఒక్కో సూచీ గడువుకు వారంలో ఒక్కో రోజు పంచాయి. ఒక దశలో సోమవారం నుంచి శుక్రవారం దాకా గడువు లేని రోజే లేదు. నిఫ్టీ లాట్ (ఒకసారికి కొనవలసిన కనీస సంఖ్య) 25 ఉన్న రోజుల్లో ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, పది రూపాయలైతే లాట్ ఖరీదు రూ.250. సూచీ అనుకున్న వైపు పోతే అది వేలవుతుంది, పోకపోతే మార్కెట్ మూసే మూడున్నరకు సున్నా.

ఎక్కువసార్లు ఏమైందో సెబీ 2024 సెప్టెంబరులో లెక్క చెప్పింది. మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లకు పైనే. మొదటి 30 నగరాలకు బయటివాళ్లు 72 శాతం. మూడు వంతులకు పైగా జనం ప్రకటించిన వార్షిక ఆదాయం రూ.5 లక్షల లోపు. ఎదుటి వైపు లాభం బ్రోకరేజీల సొంత ఖాతాలది, విదేశీ సంస్థలది. అందులో 96, 97 శాతం కంప్యూటర్ ప్రోగ్రాములు చేసిన బేరాల వల్లే. యార్డులోని కుర్రాడి నమ్మకం ఇక్కడే దారి తప్పింది. ధర ఇద్దరికీ ఒకేసారి కనబడినా, చూసేది ఒక పక్కన కన్ను, ఇంకో పక్కన ఎక్స్ఛేంజి ఆవరణలోనే పెట్టిన యంత్రం.

2024 నవంబరు 20 నుంచి నిబంధనలు బిగించారు. కాంట్రాక్టు కనీస విలువ రూ.15 లక్షలు, ఎక్స్ఛేంజికి ఒకే సూచీ మీద వారపు గడువు. నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు పెరిగింది. లాట్ అనే మాట యార్డులోనూ ఉంది. అక్కడ లాట్ అంటే కళ్లెదుట ఉన్న పత్తి కుప్ప. కొనేవాడు చెయ్యి దూర్చి పింజ లాగి, తేమ చూసి ధర పాడతాడు.

బిగించిన తర్వాత కూడా 2024-25లో 91 శాతం మంది నష్టపోయారని, నష్టం రూ.1.05 లక్షల కోట్లని 2025 జులైలో సెబీయే చెప్పింది. అదే నెలలో అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్, గడువు రోజుల్లో సూచీని తనకు అనుకూలంగా కదిలించిందంటూ రూ.4,843 కోట్లు జప్తు చేయాలని సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆరోపణలను ఆ సంస్థ తోసిపుచ్చి అప్పీలుకు వెళ్లింది. సెప్టెంబరు నుంచి నిఫ్టీ గడువు మంగళవారానికి, సెన్సెక్స్ గడువు గురువారానికి మారాయి. గడువులను ఇంకా పొడిగించాలా అన్న చర్చ సెబీలో లేచింది. కమీషన్ దుకాణంలోని కుర్రాడు, సరుకు తూకం అయ్యేదాకా ఫోను జేబులో పెట్టి, మళ్లీ తీస్తున్నాడు. మూడున్నరకు ఇంకా సమయం ఉంది.