ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామా? టెస్ట్ రైడ్‌లో రోజూ వినే అపోహలు

మొన్న శనివారం ఓ కుర్రాడు యమహా ఆర్15 బైక్ టెస్ట్ రైడ్‌కి వచ్చాడు. వెంట వాళ్ళ నాన్న. కుర్రాడు హెల్మెట్ బిగించుకుంటుంటే ఆయన దగ్గరికొచ్చి, "ఒరేయ్ నాన్నా, ఏం జరిగినా సరే, ముందు బ్రేకు మాత్రం ముట్టుకోకు" అన్నారు. పాపం, ప్రేమతోనే అన్నారు. కానీ ఈ మాట వారానికి రెండుసార్లైనా వినీ వినీ నాకు ఓపిక పోయింది. అందుకే ఈ పోస్టు.

నేను విజయవాడ దగ్గర ఎనికేపాడు వైపు ఒక బైక్ షోరూమ్‌లో పని చేస్తాను. టెస్ట్ రైడ్‌కి వచ్చినవాళ్ళతో పాటు ఇంకో బండి మీద నిడమానూరు దాకా వెళ్ళిరావడం, తిరిగొచ్చాక వాళ్ళ సందేహాలు తీర్చడం నా డ్యూటీ. అంతకుముందు నాలుగేళ్ళు సర్వీస్ షెడ్‌లో ఉన్నాను.

ఆ కుర్రాడు నాన్న మాట జవదాటలేదు. సర్వీస్ రోడ్డులో ముందు వెళ్తున్న ఆటో ప్యాసింజర్ కోసం టక్కున ఆగింది. మనవాడు కుడికాలితో వెనక బ్రేకు బలంగా తొక్కాడు. కుడిచెయ్యి మాత్రం ఎక్స్‌లేటర్‌ని పట్టుకునే ఉంది, ఒక్క వేలు కూడా ముందు బ్రేకు లివర్ మీదకి రాలేదు. బండి ఆటోకి, పక్కనున్న కాలవకి మధ్యలో దూరి ఆగింది. జానెడు తేడాలో తప్పింది.

తిరిగొచ్చాక వాడు చెప్పిన మొదటి మాట, "అన్నా, బండి సూపర్ కానీ బ్రేకు పట్టట్లేదు. కాలి కింద టకటకా కొట్టుకుంటోంది." వాళ్ళ నాన్న వెంటనే, "నే చెప్పలా, ఇలాంటి బళ్ళకి స్పీడే గానీ బ్రేకులుండవని."

బ్రేకులున్నాయండీ. ముందు చక్రానికి 282 ఎమ్ఎమ్ డిస్క్ ఉంది. వెనకదానికి 220. పెద్దది ముందు ఎందుకు పెట్టారో ఒక్కసారి ఆలోచించండి.

పల్లెవెలుగు బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవరు సడన్ బ్రేకు వేశాడనుకోండి. అందరం ఎటు తూలతాం? ముందుకే కదా. బండి బరువు కూడా అలాగే ముందుకి వస్తుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువులో ముప్పాతిక వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ముందు టైరు మీద పడుతుంది. ఆ టైరు రోడ్డుకి అదుముకుని పట్టు పెంచుకుంటుంది. వెనక టైరు తేలికైపోతుంది. తేలికైపోయిన టైరుకి ఎంత బ్రేకు వేస్తే ఏం లాభం? ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి వదిలి పట్టే ఏర్పాటు) లేకపోతే చక్రం బిగుసుకుపోయి జారుతుంది, ఉంటే టకటకమంటుంది. కుర్రాడి కాలికి తగిలింది ఆ టకటకే. అది రిపేరు కాదు, ఏబీఎస్ పని చేస్తోందని గుర్తు. చాలామంది దానికి భయపడి బ్రేకు వదిలేస్తారు. వదలకూడదు, అలాగే నొక్కి ఉంచాలి.

"మరి వెనక టైరు అంత లావుంది కదా?" అంటారు. ఆర్15కి ముందు 100, వెనక 140 సైజు. వెనక లావుగా పెట్టింది ఇంజిన్ బలాన్ని రోడ్డు మీదకి దించడానికి. ఆపడానికి కాదు.

ఇంకో సంగతి. 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్ తప్పనిసరి అన్న రూలు కొత్త మోడల్స్‌కి 2018 ఏప్రిల్ నుంచి, పాత మోడల్స్‌కి 2019 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఆర్15కి రెండు చక్రాలకీ ఉంది గానీ, ఖర్చు తగ్గించుకోవడానికి చాలా కంపెనీలు సింగిల్ ఛానల్ పెట్టాయి, అంటే ఒక్క చక్రానికే. ఏ చక్రానికో మీ బండి దగ్గరకెళ్ళి చూసుకోండి. ముందుదానికే. ముందు బ్రేకు వాడకూడనిదైతే దానికి అంత ఖర్చు పెడతారా?

గంటకి 60లో వెళ్తుంటే సెకనుకి పదహారు, పదిహేడు మీటర్లు పోతాం. పొడిగా ఉన్న తారురోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కటే వేస్తే, రెండూ కలిపి వేసినదానికి దాదాపు రెట్టింపు దూరం పోయి ఆగుతుంది. ఆ రెట్టింపు దూరంలోనే లారీ ఉంటుంది, గేదె ఉంటుంది, స్కూలు పిల్లలుంటారు.

గేదె అంటే గుర్తొచ్చింది. 2011లో హనుమాన్ జంక్షన్ దగ్గర నాకే ఎదురైంది. నాది అప్పుడు 100 సీసీ డ్రమ్ము బ్రేకుల బండి. కాలుతో తొక్కిపట్టాను. వెనక చక్రం బిగుసుకుని బండి తోక అడ్డం తిరిగింది. భయపడి కాలు తీసేశాను. అడ్డంగా ఉన్న చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికేసరికి బండి నన్ను ఎత్తి అవతల పారేసింది. మోచెయ్యి తోలు ఊడింది, ఆ మచ్చ ఇంకా ఉంది. గేదె మాత్రం నావైపు ఓసారి చూసి తన దారిన తాను పోయింది. అసలు విషయం ఆ తర్వాత. చుట్టూ చేరిన జనంలో ఓ పెద్దాయన నీళ్ళు తాగించి, "ముందు బ్రేకు వేశావా బాబూ?" అని అడిగారు. లేదన్నాను. "మంచి పని చేశావు, వేసుంటే ఈపాటికి పోయేవాడివి" అన్నారు. నేనూ నమ్మాను! నన్ను పడేసిన తప్పునే నన్ను బతికించిన తెలివి అనుకుని ఇంకో రెండేళ్ళు అలాగే నడిపాను. ఆటోనగర్‌లో పని నేర్చుకునేటప్పుడు మా మేస్త్రి తిట్టిన తిట్లకి గానీ ఆ పిచ్చి వదల్లేదు.

సర్వీస్ షెడ్‌లో ఉన్నప్పుడు అయితే ఇది కళ్ళారా చూసేవాణ్ణి. పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన బండి వస్తుంది. వెనక బ్రేకు ప్యాడ్లు (డిస్క్‌ని ఒత్తి పట్టుకునే బిళ్ళలు) ఇనుము దాకా అరిగిపోయి డిస్క్‌ని గీకేసి ఉంటాయి. ముందు ప్యాడ్లు చూస్తే నిన్న డబ్బాలోంచి తీసినట్టుంటాయి. లివర్ కీలు దగ్గర దుమ్ము, నూనె కలిసి గట్టిపడి ఉంటుంది. అంటే బండిలో అన్నిటికంటే బలమైన బ్రేకుని డబ్బు పోసి కొని, ఒక్కసారి కూడా వాడకుండా మోసుకు తిరిగారన్నమాట.

ఈ భయం ఊరికే పుట్టలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. చిన్నప్పుడు సైకిల్ మీద దిగుడులో ముందు బ్రేకు పట్టి ముక్కు పగలగొట్టుకోని వాళ్ళు మనలో ఎంతమంది? ఇసక మీద, ఆయిల్ మరకల మీద, వాన పడ్డాక జీబ్రా గీతల మీద ముందు చక్రం నిజంగానే జారుతుంది. హ్యాండిల్ తిప్పి ఉండగా గబుక్కున పట్టినా జారుతుంది. బండి మలుపులో వంగి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్ మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. యూ టర్నుల్లో, నడక స్పీడులో వెళ్ళేటప్పుడు వెనక బ్రేకే మంచిది. అందువల్ల "ముందు బ్రేకు ప్రమాదం" అనేది పూర్తి అబద్ధం కాదు. పట్టే పద్ధతి తెలియకపోతే ప్రమాదం.

పద్ధతి ఏం లేదు. బుట్టలో మామిడిపండు మగ్గిందో లేదో చూస్తాం కదా, మొదట అలా మెల్లగా రెండు వేళ్ళతో నొక్కండి. షాకబ్జర్లు కిందకి దిగుతాయి, బరువు ముందుకి వస్తుంది. వచ్చిందని చేతికి తెలుస్తుంది. అప్పుడు నొక్కుడు పెంచండి, ఇక రసం తీసినంత గట్టిగా నొక్కినా ఫర్వాలేదు. కాలి బ్రేకు తోడుగా కొద్దిగా ఉండాలి. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. మోకాళ్ళతో ట్యాంకుని బిగించి పట్టుకోవాలి, లేకపోతే మీ ఒంటి బరువంతా మణికట్ల మీద పడి లివర్ మీద కంట్రోలు పోతుంది. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు చూసుకుని 30లో మొదలుపెట్టి ఓ ఇరవైసార్లు చేయండి. భయం అక్కడే పోతుంది.

ఆ తండ్రీకొడుకుల్ని షెడ్ వెనకున్న ఖాళీ సిమెంటు రోడ్డుకి తీసుకెళ్ళాను. ఇటుక ముక్కతో గీత గీసి, 40లో వచ్చి గీత దగ్గర వెనక బ్రేకు ఒక్కటే వేశాను. నా అడుగుల్లో ఇరవై ఆరు. రెండోసారి రెండూ వేశాను. పదమూడు. ఆయన తన అడుగులతో మళ్ళీ కొలుచుకున్నారు. "నువ్వంటే అలవాటున్నవాడివి" అన్నారు. ఈసారి కొడుకుని ఎక్కించాను. మొదట పంతొమ్మిది వచ్చింది, నాలుగో ప్రయత్నానికి పదిహేను. ఆయన ఇంకేం మాట్లాడలేదు గానీ, వెళ్ళేటప్పుడు తన పాత బండి ముందు లివర్ రెండుమూడుసార్లు నొక్కి చూసుకోవడం గమనించాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను, ఇవి ప్రాణం మీదకి తెచ్చేవి కావు.

"కాళ్ళు రెండూ పూర్తిగా ఆనట్లేదు, ఈ బండి నాకు కాదు." సీటు ఎత్తు 815 ఎమ్ఎమ్. ఒక పాదం బాగా ఆని, రెండోదాని మునివేళ్ళు తగిలితే చాలు. బండి 140 కిలోల చిల్లరే. చెప్పులతో వచ్చి ఆనట్లేదంటే నేనేం చేయను, షూ వేసుకు రండి. చెప్పులతో టెస్ట్ రైడ్ నేనివ్వను కూడా.

"పికప్ లేదు, యూట్యూబ్‌లో అంతా అబద్ధం చెప్పారు." ఈ ఇంజిన్‌లో వాల్వులు తెరుచుకునే తీరు 7,400 ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మారుతుంది. అసలు ఊపు ఆ పైనే. మీరు అయిదు వేలు దాటించకుండా నాలుగో గేరులో తిప్పుకొచ్చారు. అలాగని సర్వీస్ రోడ్డులో దాటించమని నేను చెప్పట్లేదు.

"పది నిమిషాలకే నడుము పట్టేసింది." మొదటిరోజు అందరికీ పట్టేస్తుంది. నడుముతో కాకుండా తొడలతో బండిని పట్టుకోవడం అలవాటైతే తగ్గుతుంది. కానీ ముందే వెన్నులో డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు, రోజూ నలభై యాభై కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగేవాళ్ళు కొనకండి. ఈ మాట చెప్పినందుకు మా మేనేజరు నన్ను ఒకసారి కేకలేశాడు, అయినా చెబుతాను.

"సిగ్నల్ దగ్గర ఫ్యాన్ తిరుగుతోంది, ఇంజిన్‌లో ఏదో ఉంది." లిక్విడ్ కూలింగ్ బండికి ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే నాకు ఫోన్ చేయండి.

"మొదటి వెయ్యి కిలోమీటర్లు 40 దాటకూడదు." టాప్ గేర్‌లో 30లో ఈడ్చుకుంటూ పోతే ఇంజిన్‌కి అంతకంటే ఎక్కువ కష్టం. చూడాల్సింది స్పీడు కాదు, ఆర్‌పీఎమ్. ఎంత దాటకూడదో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. గంటలకొద్దీ ఒకే స్పీడులో పోవద్దు. మొదటి సర్వీసు ఎగ్గొట్టవద్దు.

ఖరీదైన పెట్రోలు పోయిస్తే స్పీడు పెరుగుతుందా అని అడిగేవాళ్ళకి: మామూలు పెట్రోలుకి తయారైన ఇంజిన్‌లో పెరగదు. మీ డబ్బు, మీ ఇష్టం.

ఇక డెలివరీ తర్వాత వచ్చే ఫోన్లు. "డెమో బండికి బ్రేకు బాగుంది, నా బండికి లేదు, పాత స్టాకు అంటగట్టారు." కాదు బాబూ. డెమో బండి ప్యాడ్లు నలిగి నలిగి డిస్క్‌కి సరిగ్గా అతికాయి. కొత్త ప్యాడ్లకి రెండు, మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. కొత్త టైర్ల పైపొర కూడా నున్నగా ఉంటుంది, అది అరిగేదాకా మలుపుల్లో విన్యాసాలు వద్దు. ఆ మొదటి వారం ముందు వాహనానికి ఎప్పటికంటే ఎక్కువ దూరంలో ఉండండి.

అన్నట్టు ఆ కుర్రాడు గురువారం బండి తీసుకున్నాడు. షోరూమ్ ముందే పూజ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, దానికేం ఇబ్బంది లేదు. వాళ్ళమ్మగారు గిన్నెలో తడి పసుపు, కుంకుమ కలుపుకొచ్చి తిన్నగా ముందు డిస్క్ మీద మూడు వేళ్ళ బొట్టు పెట్టబోయారు. చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, దానికి వద్దు, బ్రేకు సరిగ్గా పట్టదు, ట్యాంకుకి పెట్టండి" అన్నాను. "అదేంటయ్యా, ముఖ్యమైనదానికే కదా పెట్టేది?" అన్నారావిడ.