ఆన్‌లైన్ సర్వే రూపం: అపోహలు - వాస్తవాలు

"ప్రశ్నలు రెడీగా ఉన్నాయండీ, కాస్త అందంగా చేసి లింకు పంపండి చాలు." విజయవాడలో సర్వే ఫారాలు తయారుచేసే పని మొదలుపెట్టాక నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. బీసెంట్ రోడ్డు బట్టల షాపైనా, గుంటూరు కొత్తపేట ఆసుపత్రైనా అందరిదీ ఒకటే ధోరణి. రూపాన్ని చివర్లో చూసుకోవచ్చనుకుంటారు. నా లెక్కలో అది ప్రశ్నతో పాటే ఆలోచించాల్సిన పని.

అపోహ: జవాబును రాబట్టేది ప్రశ్న. రంగులూ బొమ్మలూ పైపూత.

వాస్తవం: తెర మీద కనిపించేదంతా ప్రశ్నలో భాగమే. రోజర్ టూరాంజో, మిక్ కూపర్, ఫ్రెడరిక్ కాన్రాడ్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకే స్కేలును, అంటే జవాబుల మెట్ల వరుసను, రెండు రకాలుగా చూపించారు. ఒకదాంట్లో రెండు కొసలకూ ఒకే రంగు ఛాయలు, రెండోదాంట్లో వేర్వేరు రంగులు. వేర్వేరు రంగులు చూసినవాళ్ల జవాబులు పై కొస వైపు జరిగాయి. ప్రశ్నలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. స్కేలులో ప్రతి మెట్టుకూ మాటల్లో పేరు పెడితే ఆ రంగు పట్టు సడలుతుంది. అందుకే నేను 1 నుంచి 5 అంకెలు పెట్టి ఊరుకోను. "అస్సలు బాగోలేదు" నుంచి "చాలా బాగుంది" దాకా అయిదింటికీ మాటలు రాస్తాను.

ఫొటోలదీ అదే దారి. అదే బృందం అదే ఏడాది ఇంకో ప్రయోగం ప్రచురించింది. వ్యాయామం చేస్తున్న ఆరోగ్యవంతురాలి ఫొటో చూసినవాళ్లు తమ ఆరోగ్యానికి తక్కువ మార్కులు వేసుకున్నారు. మంచం పట్టిన రోగి ఫొటో చూసినవాళ్లు ఎక్కువ వేసుకున్నారు. మొన్నామధ్య ఒక ఆసుపత్రివాళ్లు రోగుల అభిప్రాయాల ఫారం మీద నవ్వుతున్న నర్సు ఫొటో పెట్టమన్నారు. వద్దని బతిమాలాను. "మా సేవలు ఎలా ఉన్నాయి?" అని అడుగుతూ పక్కనే ఆ నవ్వు పెట్టామంటే, ఏం చెప్పాలో చెవిలో ఊదినట్టే.

ఎర్ర ముఖం, పచ్చ ముఖం బొమ్మలు కూడా పక్కన మాటలు లేకుండా వద్దు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు.

అపోహ: మా బోర్డు ఏ రంగో ఫారమూ నిండా అదే రంగులో ఉండాలి.

వాస్తవం: మన ఊళ్లో రంగులకు పార్టీలున్నాయి. పసుపు చూస్తే తెలుగుదేశం, నీలం ఆకుపచ్చ కలిస్తే వైఎస్సార్ కాంగ్రెస్, ఎరుపైతే కమ్యూనిస్టులు గుర్తొస్తారు. 2024 ఎన్నికల ముందు ఒక మిఠాయి కొట్టు కోసం వాళ్ల బోర్డు రంగే తీసుకుని పసుపు ఫారం చేశాం. "ఇది ఏ పార్టీ సర్వే అండీ?" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఫోన్ నంబరు అడిగిన చోట చాలామంది ఆగిపోయారు. అప్పటి నుంచి వెనకాల తెలుపో లేత బూడిదో వేస్తున్నాను. బోర్డు రంగు బటన్‌కీ, పైన సన్నటి పట్టీకీ చాలు.

అపోహ: లేత రంగు అక్షరాలు ఉంటే ఫారం నాజూగ్గా ఉంటుంది.

వాస్తవం: ఏసీ గదిలో, కొత్త ల్యాప్‌టాప్ మీద ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో ఏప్రిల్ ఎండలో ఒక పెద్దాయన చేతికి ఫోన్ ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం కనపడట్లేదమ్మాయ్, నువ్వే చదివి పెట్టు" అన్నారు. నేను చదివాను. చదివేటప్పుడు నా గొంతు ఏ జవాబు దగ్గర ఒత్తు పలికిందో నాకే తెలియదు. ఆయన సొంతంగా చదివి ఇవ్వాల్సిన జవాబు అలా పోయింది.

దీనికి కొలత ఉంది. వికలాంగులు కూడా వాడగలిగేలా పెట్టిన వెబ్ అందుబాటు ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య కాంతి తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కి 1. తెల్లటి తెర మీద చాలామంది వాడే 999999 కోడ్ బూడిద రంగు 3 దాకా కూడా రాదు. ఈ నిష్పత్తి చూపే ఉచిత సాధనాలు నెట్‌లో దొరుకుతాయి. నన్నడిగితే ప్రశ్నకు నలుపే వాడండి.

అపోహ: మంచి ఫాంట్ ఎంచుకుంటే తెలుగు అందంగా వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు అసలు ఉన్నాయా అన్నది ముందు చూడాలి. లేకపోతే ఫోన్ తన దగ్గరున్న తెలుగు ఫాంట్‌ని తెచ్చి పెడుతుంది. మీరు ఎంచుకున్న సోకు ఇంగ్లిష్ ముక్కలకే మిగులుతుంది. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి తెలుగు కోసమే గీసినవి, ఉచితం కూడా.

ఇంకో ఇబ్బంది డీటీపీ సెంటర్ల నుంచి వస్తుంది. కరపత్రం కోసం అను ఫాంట్లలో కొట్టించిన ప్రశ్నలను అలాగే కాపీ చేసి ఫారంలో అతికిస్తారు. అవి యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షర సంకేతాలు, కావు కాబట్టి తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్ ఎన్ని మార్చినా అవి తెలుగు కావు. యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. మార్చాక కూడా అక్షరం అక్షరం చదవాలి, వత్తుల దగ్గర తప్పులు మిగిలిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా నా ప్రాణం తీసేది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. మనకు పైన గుడులు, కింద వత్తులు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఎత్తు తక్కువున్న బటన్‌లో "వస్త్రాలు" అని పెడితే అడుగు తెగి "వసాలు" మిగిలింది. అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఇస్తే ఊపిరాడుతుంది. బోల్డ్ కూడా తగ్గించాలి, చిన్న సైజులో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

అపోహ: సూచనలన్నీ పై బ్యానర్‌లో రాసేస్తే సరి.

వాస్తవం: గూగుల్ ఫామ్స్‌లో పై బొమ్మకు 1600 × 400 పిక్సెళ్లు సరిపోతాయి. 360 వెడల్పు ఫోన్ తెర మీదికి కుదిస్తే అందులోని 40 పిక్సెళ్ల అక్షరం 9కి వస్తుంది. చూపు లేనివారికి తెర చదివి వినిపించే యాప్ బొమ్మలో రాసిన దాన్ని అన్నిసార్లూ సరిగా పట్టుకోలేదు. సూచనలు టెక్స్ట్‌గానే రాయండి.

అపోహ: పది ప్రశ్నలను ఒక పట్టికలో పెడితే చోటు కలిసొస్తుంది.

వాస్తవం: "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" ఫోన్ మీద అయిదో గడిలో పడుతుందా? పక్కకు జరిపి చూడాలి, జరిపేసరికి ప్రశ్న మరుగున పడుతుంది. విసుగొచ్చి ఒకే నిలువు వరుసలో టిక్కులు పెట్టుకుంటూ పోతారు. ప్రశ్నకొక బ్లాక్, జవాబులు ఒకదాని కింద ఒకటి ఇవ్వండి.

అపోహ: ఎంత పూర్తయిందో చూపే పట్టీ ఉంటే మధ్యలో వదిలేయరు.

వాస్తవం: 2013లో 32 ప్రయోగాలను కలిపి చూసిన పరిశోధనలో, సమానంగా కదిలే పట్టీ వదిలేసేవాళ్లను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు. మొదట్లో వేగంగా పోయి తర్వాత నెమ్మదించే పట్టీ తగ్గించింది. కానీ అది లేని వేగం చూపించడం, నేను వాడను. "మొత్తం 9 ప్రశ్నలు, మూడు నిమిషాలు" అని మొదటి పేజీలోనే రాస్తాను. ఆ మూడు నిమిషాలు అంచనాగా వేసేది కాదు. లింకు బయటికి పంపేముందు మా అమ్మ చేతికి ఫోన్ ఇచ్చి, పక్కన కూర్చుని గడియారం చూస్తాను. పోయినసారి ఆవిడకి అయిదున్నర పట్టింది. రెండు ప్రశ్నలు తీసేశాను.