కీవ్‌లో అట్టముక్కల నిరసన: బాంబులు పడుతుంటే జనం రోడ్డెక్కింది ఎందుకు?

2025 జులై 22 సాయంత్రం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఇవాన్ ఫ్రాంకో థియేటర్ ముందున్న చిన్న పార్కు దగ్గర జనం పోగయ్యారు. అధ్యక్షుడి ఆఫీసు ఉండే బాంకోవా వీధి అక్కడికి కూతవేటు దూరం, యుద్ధం వల్ల అటువైపు దారులన్నీ మూసేసి ఉంటాయి కాబట్టి అక్కడే ఆగారు. చేతుల్లో ఫ్లెక్సీలు లేవు, పార్టీ జెండాలు లేవు, పార్సిల్ డబ్బాలు పిజ్జా డబ్బాలు చింపి వాటిమీద మార్కర్‌తో రాసుకొచ్చిన అట్టముక్కలు మాత్రమే. "హాన్‌బా" అని అరుస్తున్నారు, మన దగ్గర సభల్లో "సిగ్గు సిగ్గు" అంటారే, అచ్చం అదే. ఎక్కువమంది కాలేజీ వయసు పిల్లలు, మధ్యమధ్యలో ఫ్రంట్‌లో కాళ్ళు పోగొట్టుకుని వచ్చిన సైనికులు.

2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయిలో దాడి మొదలుపెట్టాక ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఈ స్థాయి నిరసన ఇదే మొదటిసారి. అవినీతి కేసులు పట్టే సంస్థల స్వతంత్రత తీసేస్తూ ఆ రోజే పార్లమెంటు పాస్ చేసిన చట్టం మీద వాళ్ళ కోపం. ల్వివ్, ఒడెస్సా, ద్నిప్రో, చివరికి రష్యా బోర్డర్ నుంచి 40 కిలోమీటర్లు కూడా లేని ఖార్కివ్‌లో కూడా జనం బయటికొచ్చారు. ఖార్కివ్ అంటే మనకి కొత్త పేరేం కాదు, 2022లో ఆపరేషన్ గంగ విమానాల్లో తిరిగొచ్చిన మన తెలుగు మెడికల్ స్టూడెంట్స్ ఎంతోమంది బేస్‌మెంట్లలో తలదాచుకున్న ఊరు అది.

యుద్ధం జరుగుతుంటే సొంత ప్రభుత్వం మీద తిరగబడటం ఏంటి, ఇది శత్రువుకి సాయం చేసినట్టు కాదా అని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ ముందు అదే అనిపించింది, కానీ వెనక్కి వెళ్ళి చూస్తే వీళ్ళు కాపాడుకుంటున్నది ఏంటో అర్థమవుతుంది.

ఆ దేశంలో వీధి అనేది ఒక రాజకీయ సంస్థ లాంటిది. 1990 అక్టోబర్లో, సోవియట్ యూనియన్ ఇంకా ఉండగానే, స్టూడెంట్స్ ఇప్పుడు మైదాన్ అని పిలిచే కీవ్ మెయిన్ స్క్వేర్‌లో గ్రానైట్ రాళ్ళ మీద టెంట్లు వేసుకుని నిరాహార దీక్షకి కూర్చుని ప్రధాని మసోల్‌ని దింపేసారు. 2004లో రిగ్గింగ్ జరిగిందని గడ్డకట్టే చలిలో వారాల తరబడి కూర్చుంటే సుప్రీంకోర్టు ఆ ఫలితం కొట్టేసి మళ్ళీ పోలింగ్ పెట్టించింది. ఇక 2013 నవంబర్ సంగతి వేరు. అప్పటి అధ్యక్షుడు యనుకోవిచ్ యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందం పక్కన పెట్టేసాడని కొంతమంది మైదాన్‌లో చేరారు, అది పెద్ద విషయం అయ్యేదో లేదో తెలీదు, కానీ నవంబర్ 30 తెల్లవారుజామున బెర్కుట్ అనే స్పెషల్ పోలీసులు స్టూడెంట్స్‌ని కింద పడేసి కొట్టారు, ఆ మర్నాడు మా పిల్లల్ని కొడతారా అంటూ లక్షల మంది వచ్చేసారు. 2014 ఫిబ్రవరిలో కాల్పులు జరిగి మొత్తం మీద వందమందికి పైగా నిరసనకారులు చనిపోయారు, యనుకోవిచ్ పారిపోయి రష్యాలో తేలాడు.

ఆయన పారిపోయాక జరిగిన ఒక సంగతి దగ్గర నేను కాసేపు ఆగాలి. కీవ్ బయట మెజిహిర్యా అని ఆయన ఎస్టేట్, గేట్లు తెరుచుకున్నాక మామూలు జనం లోపలికెళ్ళి చూస్తే గోల్ఫ్ కోర్సు, సొంత జూ, అందులో ఆస్ట్రిచ్ పక్షులు, నీళ్ళమీద ఓడ ఆకారంలో విందుల హాలు. పారిపోయే కంగారులో ఫైళ్ళు పక్కనున్న రిజర్వాయర్లో పారేసి పోయారు, వాటిని డైవర్లు దిగి బయటికి తీస్తే జర్నలిస్టులు గదుల్లో పరిచి ఒక్కో కాగితం ఆరబెట్టి చదివారు. తడిసిన బిల్లులు, రసీదులు, లెక్కలు. తమ డబ్బు ఎటు పోయిందో ఒక దేశం జనం కళ్ళారా చూసుకున్న రోజులవి, ఆ దృశ్యం వాళ్ళ మనసులోంచి పోలేదు.

అందులోంచి పుట్టిందే నాబు, అంటే జాతీయ అవినీతి నిరోధక బ్యూరో. 2014లో చట్టం, 2015లో ఆఫీసు. దాని కేసులు నడిపే స్పెషల్ ప్రాసిక్యూటర్ ఆఫీసు పేరు సాపో, తర్వాత 2019లో ఈ కేసుల కోసమే ప్రత్యేక కోర్టు కూడా పెట్టారు. మన ఏసీబీ, సీబీఐ లాంటివే అనుకోవచ్చు, కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది, పైనుంచి ఎవరూ ఫోన్ చేసి ఈ కేసు ఆపు అని చెప్పలేని విధంగా వాటిని కట్టారు. మన సుప్రీంకోర్టు 2013లో సీబీఐని పంజరంలో చిలుక అంది కదా, ఆ పంజరం లేకుండా కట్టాలనేదే అక్కడి ఆలోచన. 2017లో ఉక్రెయిన్ జనానికి వీసా లేకుండా యూరప్ వెళ్ళే అవకాశం వచ్చినా, 2022లో యూరోపియన్ యూనియన్ క్యాండిడేట్ హోదా వచ్చినా, అవినీతి మీద ఈ పనులు చెయ్యాలనే షరతు వెంటే ఉంది. ఇవి పేరుకి పెట్టిన ఆఫీసులు కూడా కాదు, 2023 మేలో ఏకంగా దేశ సుప్రీంకోర్టు అధ్యక్షుణ్ణే 27 లక్షల డాలర్ల లంచం కేసులో పట్టుకున్నారు.

యుద్ధం మొదలయ్యాక జనం తమకు తామే నోరు కట్టేసుకున్నారు. మార్షల్ లా ఉంది, పార్లమెంటు దాన్ని 90 రోజులకోసారి పొడిగిస్తూ పోతోంది, సభలూ ఊరేగింపులూ కుదరవు, ఎన్నికలు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. 2019లో 73 శాతం ఓట్లతో గెలిచిన జెలెన్‌స్కీ ఐదేళ్ళ గడువు 2024లో అయిపోయినా కొనసాగుతున్నది అందుకే, దాన్ని జనం కూడా చాలావరకు అర్థం చేసుకున్నారు. కానీ అర్థం చేసుకోవడం అంటే అన్నీ వదిలెయ్యడం కాదు, ఎందుకంటే ఫ్రంట్‌లో వాడే డ్రోన్‌కి, జీపుకి, గాయానికి కట్టే పట్టీకి కూడా మామూలు జనం చందాలు వేసుకుంటున్నారు. 2023 జనవరిలో ఆర్మీకి కొనే కోడిగుడ్డు ఒక్కోటి 17 హ్రివ్నియాలని (అక్కడి కరెన్సీ) కాంట్రాక్టులో ఉందని బయటపడింది, అప్పుడు కీవ్ షాపుల్లో గుడ్డు 7 హ్రివ్నియాల దగ్గర ఉంది. కొడుకు కందకంలో ఉన్న తల్లికి ఆ తేడా చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ ఏడాది సెప్టెంబర్లో రక్షణ మంత్రి మారాడు, అదే టైంలో కీవ్ కార్పొరేషన్ ఆఫీసు ముందు రోడ్ల రాళ్ళకి పెట్టే డబ్బు ఆర్మీకి ఇవ్వండి అని జనం నిలబడటం మొదలైంది. వీధి మళ్ళీ మెల్లగా మేలుకుంటోందని అప్పుడే తెలిసింది.

ఇక జులై సంగతి. 21న సెక్యూరిటీ సర్వీసు వాళ్ళు నాబు ఉద్యోగుల మీద పదుల కొద్దీ సోదాలు చేసారు, రష్యా మనుషులు లోపల ఉన్నారని కారణం చెప్పారు. మర్నాడే పార్లమెంటు ముందుకి ఒక బిల్లు వచ్చింది, నిజానికి అది యుద్ధంలో కనిపించకుండా పోయినవాళ్ళ కేసుల దర్యాప్తు గురించిన బిల్లు, దాంట్లోకి పొద్దున కమిటీలో కొత్త సవరణలు దూర్చి, నాబు కేసులు, సాపో అధికారాలు ప్రాసిక్యూటర్ జనరల్ చేతికి వెళ్ళేలా మార్చారు, ఆ ప్రాసిక్యూటర్ జనరల్‌ని పెట్టేది అధ్యక్షుడే. మధ్యాహ్నం 263 ఓట్లతో పాసైంది, రాత్రికల్లా జెలెన్‌స్కీ సంతకం అయిపోయింది. ఒక్క రోజులో మొత్తం పని. కనిపించకుండా పోయిన సైనికుల పేరున్న బిల్లులో ఇది పెట్టడం నాకైతే అన్నిటికన్నా ఎక్కువ బాధ అనిపించింది, వాళ్ళ కుటుంబాలు ఫోటోలు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి.

యుద్ధంలో పనిచేసొచ్చిన ఒక మాజీ సైనికుడు సోషల్ మీడియాలో పిలుపిచ్చాడు, అట్టముక్క మీద రాసుకుని రండి అని. వేలమంది వచ్చారు. వాళ్ళు పాటించిన పద్ధతి చూస్తే చాలా గొప్పగా అనిపిస్తుంది, రాళ్ళు లేవు, టైర్లు కాల్చడం లేదు, అర్ధరాత్రి కర్ఫ్యూ కంటే ముందే అట్టముక్కలు చంకలో పెట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయి మళ్ళీ మర్నాడు వచ్చారు. వాళ్ళు ప్రభుత్వం దిగిపోవాలనలేదు, యుద్ధం ఆపెయ్యమనలేదు, చట్టం వెనక్కి తీసుకో అన్నారు, అంతే. 2014లో మైదాన్ జరిగినప్పుడు వీళ్ళల్లో చాలామంది ఎలిమెంటరీ స్కూల్ పిల్లలు.

జెలెన్‌స్కీ ముందు రాత్రి వీడియోలో సమర్థించుకున్నాడు, బ్రస్సెల్స్ నుంచి యూరోపియన్ యూనియన్ వాళ్ళు కూడా వివరణ ఇవ్వమని అడిగారు, 24కల్లా అధికారాలు తిరిగి ఇచ్చే కొత్త బిల్లు పంపించాడు. జులై 31న ఓటింగ్. ఆ తెల్లవారుజామునే రష్యా మిసైల్ కీవ్‌లో ఒక తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్‌ని కూల్చేసింది, ఆ దాడుల్లో చనిపోయినవాళ్ళు 30 మందికి పైగా, శిథిలాలు తీస్తూనే ఉన్నారు. అటు పార్లమెంటు బయట పిల్లలు మళ్ళీ అట్టముక్కలతో నిలబడి ఉన్నారు. 331 ఓట్లు అనుకూలంగా పడ్డాయి, అదే రోజు సంతకం కూడా అయింది. చట్టం వచ్చి, పోవడానికి పట్టింది తొమ్మిది రోజులు.

మూడు నెలలు దాటాక నవంబర్ 10న అదే నాబు ఎనర్గోఆటమ్ కేసు బయటపెట్టింది. అణు విద్యుత్ కంపెనీ కాంట్రాక్టర్ల దగ్గర 10 నుంచి 15 శాతం వసూలు చేసారని, దాదాపు 10 కోట్ల డాలర్లు చేతులు మారాయని ఆరోపణ. 15 నెలల పాటు నడిపిన దర్యాప్తు అది, అంటే జులైలో చట్టం మార్చే టైంకి లోపల ఈ పని నడుస్తూనే ఉంది, అందుకే ఆ తొందర అని అక్కడ చాలామంది అనుమానం. ప్రధాన నిందితుడిగా పేరొచ్చిన మిన్‌డిచ్, జెలెన్‌స్కీకి పాత వ్యాపార భాగస్వామి, సోదాలకి ముందే దేశం దాటేసాడు. రష్యా దాడులతో కీవ్‌లో గంటల తరబడి కరెంటు లేదు, ఇళ్ళల్లో కొవ్వొత్తులు పెట్టుకుని నాబు బయటపెట్టిన నిందితుల సంభాషణల రికార్డింగులు జనం ఫోన్లలో విన్నారు. 19న ఇద్దరు మంత్రుల్ని పార్లమెంటు తీసేసింది. 28న నాబు వాళ్ళు అధ్యక్షుడి ఆఫీసు అధిపతి యెర్మాక్ ఇంట్లో సోదా చేసారు, దేశంలో జెలెన్‌స్కీ తర్వాత అంత బలమున్న మనిషి లేడని పేరు ఆయనకి, ఆ సాయంత్రమే రాజీనామా చేసాడు. ఆయన ఖాళీ చేసిన ఆఫీసు బాంకోవా వీధిలోదే, ఫ్రాంకో థియేటర్ పార్కు నుంచి నడిచి వెళ్ళేంత దూరం.