రక్తంలో ఉన్న జబ్బు తప్పదా? ఎపిజెనెటిక్స్ గురించి అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ప్రసూతి వైద్యురాలిగా పనిచేస్తున్న నాకు, కోడలిని పరీక్షకు తీసుకొచ్చే అత్తగార్ల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మా ఇంటిల్లిపాదికీ సుగరేనమ్మా, రక్తంలోనే ఉంది, పథ్యం చేసి ఏం లాభం?" ఆ నిరాశకు కొంతవరకు సమాధానం చెప్పగలిగిన శాస్త్రం ఎపిజెనెటిక్స్, అంటే డీఎన్ఏ మారకుండానే జన్యువుల పని ఎలా మొదలవుతుందో, ఎలా ఆగుతుందో చదివే శాస్త్రం. అయితే దాని పేరు మీదే కొత్త అపోహలు పుడుతున్నాయి కాబట్టి పాతవాటినీ కొత్తవాటినీ కలిపి రాస్తున్నాను.

అపోహ: జన్యువుల్లో ఉన్న జబ్బు వచ్చి తీరుతుంది.

వాస్తవం: కాలేయంలోని కణానికీ మెదడులోని కణానికీ డీఎన్ఏ ఒక్కటే, ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్న దగ్గరే తేడా. మన పొందూరులో వడికిన నూలును కండెకు చుట్టినట్టు, కణంలో దాదాపు 2 మీటర్ల పొడవున్న డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. చుట్టు బిగిసిన చోట జన్యువు కణానికి అందదు, వదులైన చోట అందుతుంది. దీనికి తోడు డీఎన్ఏ మీద అతుక్కునే మిథైల్ గుర్తులనే చిన్న రసాయన ముక్కలు చాలా జన్యువులను నిద్రపుచ్చుతాయి. పొగతాగేవారి రక్తకణాల్లో కొన్ని జన్యువుల మీద ఈ గుర్తులు మారిపోతాయి. అలవాటు మానేశాక ఏళ్ల మీద చాలావరకు మళ్లీ యథాస్థితికి వస్తాయి. షుగరున్న ఇంట పుట్టినవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే గాని, పథ్యమూ నడకా ఆ ముప్పును తగ్గిస్తాయన్నది కూడా అంతే నిజం.

అపోహ: బిడ్డకు జబ్బు వస్తే తప్పు తల్లిదే.

ఈ మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. ఏడో నెల గర్భిణి ఒకామె సంచిలోంచి ఎర్ర మాత్రల పట్టీలు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాత్ర మీద కూడా రేకు చిరగలేదు. అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఇంట్లో వద్దన్నారట. బిడ్డ రంగుకూ ఆ మాత్రకూ ఏ సంబంధమూ లేదు. అందులో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్, ఇందాక చెప్పిన మిథైల్ గుర్తులకు శరీరం వాడుకునే ముడిసరుకుల్లో ఒకటి.

1944-45 చలికాలంలో జర్మన్ సేనలు ఆహార రవాణాను అడ్డుకోవడంతో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ కరువు రోజుల్లో కడుపున పడ్డవారిని సుమారు 60 ఏళ్ల తరువాత పరీక్షించినప్పుడు, పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు వారి తోబుట్టువులకంటే తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడైంది. ఆ ఆకలి ఆ తల్లులు కోరి తెచ్చుకున్నది కాదు. మన దగ్గర కూడా, అందరూ తిన్నాక అడుగున మిగిలిన అన్నం కోడలు తినే ఇంట్లో, ఆమె తిండికి జవాబు చెప్పవలసింది ఆ ఇంటివారు.

అపోహ: ఈ గుర్తులు ఏడు తరాలు వెంటాడతాయి.

వాస్తవం: పిండం ఏర్పడిన తొలి రోజుల్లో చాలా గుర్తులు చెరిగిపోయి మళ్లీ కొత్తగా పడతాయి. మొక్కల్లో తరాల మీదుగా సాగడం బాగా రుజువైంది. మనుషుల్లో ఆధారాలు బలహీనం. "జన్యువులను శుద్ధి చేస్తుంద"ని అమ్మే పొడులకైతే ఏ ఆధారమూ లేదు, ఆ డబ్బుతో చోళ్లూ గుడ్లూ కొనుక్కోండి.

అపోహ: జీవనశైలి మారిస్తే జన్యులోపం పోతుంది.

వాస్తవం: పోదు. మన్యం గ్రామాల నుంచి వచ్చే కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు), హిమోగ్లోబిన్ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారడం వల్ల వస్తుంది. ఏ ఆహారమూ ఆ అక్షరాన్ని దిద్దలేదు. "పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు కదమ్మా" అని తల్లులు అడుగుతారు. బాగానే ఉంటాడు, ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు పనిచేసే గర్భస్థ హిమోగ్లోబిన్‌లో ఆ లోపం లేదు. పుట్టాక గర్భస్థ హిమోగ్లోబిన్ జన్యువు ఎపిజెనెటిక్ గుర్తులతో క్రమంగా మూతపడి, దాని స్థానంలో లోపమున్న హిమోగ్లోబిన్ వస్తుంది, సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో నొప్పులు, వాపులు మొదలవుతాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు గర్భస్థ హిమోగ్లోబిన్‌ను మళ్లీ కొంత పెంచుతుంది కాబట్టి వైద్యులు చెప్పినంత కాలం మానకుండా వేయాలి. అలాగే పెళ్లికి ముందే ఇద్దరూ సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించుకుంటే, జబ్బు లేకపోయినా ఇద్దరిలోనూ ఆ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉన్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుందని ముందుగానే తెలుస్తుంది.