హైదరాబాద్‌లో ఒకటి రెండు ఫ్లాట్లున్న ఓనర్లకు: అద్దె ఎంత చెప్పాలన్న దానిపై అపోహలు – వాస్తవాలు

కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, నిజాంపేట వైపు ఫ్లాట్ ఖాళీ అయితే చాలామంది ఓనర్లు చేసేది ఒకటే. ఫోన్‌లో రెండు సైట్లు చూసి, పక్క ఫ్లాట్ ఆయన్ని అడిగి, పైన రెండు వేలు కలిపి టు-లెట్ బోర్డు కట్టేస్తారు. ఇలా చెప్పిన రేటు ఎక్కువైతే ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. తక్కువైతే ఆ కిరాయిదారు ఉన్నన్నాళ్లూ ఆ తక్కువ రేటు మీదే ఏటా కొంచెం కలుపుకుంటూ పోవాలి. ఇల్లు ఖాళీ కావడానికి మూడు వారాల ముందే చుట్టుపక్కల అద్దెలు గమనించడం మొదలుపెడితే ఈ రెండూ తప్పుతాయి.

అపోహ: సైట్లో కనిపించేదే ఏరియా రేటు.

సైట్లో ఉండేది ఓనరు అడుగుతున్న అద్దె. మనకు కావలసింది కుదిరిన అద్దె. సరైన రేటు చెప్పిన ఇల్లు వారం పది రోజుల్లో కుదిరి సైట్లోంచి వెళ్లిపోతుంది, ఎక్కువ చెప్పినది అక్కడే ఉండిపోతుంది. అందుకే ఏ రోజు తెరిచి చూసినా ఎక్కువ చెప్పిన ఇళ్లే ఎక్కువగా కనిపిస్తాయి. పైగా ఒకే ఫ్లాట్‌ను ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు వేర్వేరు రేట్లకు పెడుతుంటారు. ఫొటోల్లో వంటగది గట్టు రంగు, కిటికీ గ్రిల్ పోల్చి చూస్తే అది పట్టుబడుతుంది.

మీ ఇంటికి కిలోమీటరు లోపల, మీకున్నన్ని బెడ్‌రూములే ఉన్న ఫ్లాట్లు పదిహేను, ఇరవై ఎంచుకోండి. నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో వరుస కేటాయించండి: మొదట చూసిన తేదీ, అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్, ఎన్నో అంతస్తు, లిఫ్ట్, కారు పార్కింగ్, బిల్డింగ్ వయసు. వారానికి రెండుసార్లు మళ్లీ చూడండి. పది రోజుల్లోపు మాయమైన వాటి రేటు అసలు రేటుకు దగ్గరగా ఉంటుంది. మూడు వారాలైనా కదలనివి మీరు చెప్పకూడని రేటు ఏదో చూపిస్తాయి. మధ్యలో రేటు తగ్గించిన ఫ్లాట్లు కనిపిస్తే గుర్తు పెట్టుకోండి, అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం వాటిలోనే ఉంటుంది.

తరువాత మాయమైన వాటిలో అయిదారింటికి ఫోన్ చేయండి. కిరాయికి వస్తామని అబద్ధం ఆడనక్కర్లేదు. "పక్క వీధిలో మాదీ ఒక ఫ్లాటుంది, మీది ఎంతకు కుదిరిందండీ?" అంటే చాలామంది చెబుతారు. ఓనరు ఓ వెయ్యి పెంచి చెప్పవచ్చు, కిరాయిదారు కొంచెం తగ్గించి చెప్పవచ్చు. ఇద్దరినీ అడిగితే నిజం మధ్యలో తేలుతుంది. వాచ్‌మన్‌కు, వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నవాళ్లకు ఎవరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో అందరికన్నా ముందు తెలుస్తుంది. అయితే వాచ్‌మన్‌కు కమీషన్ వచ్చేలా ఉంటే ఆయన చెప్పిన రేటును మరొకరి దగ్గర సరిచూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. నాలుగేళ్లుగా ఉంటున్న కిరాయిదారు కట్టే అద్దెను లెక్కలోకి తీసుకోకండి. అది పాత రేటు మీద ఏటా అయిదు శాతమో పదో కలుపుకుంటూ వచ్చిన అంకె. గత ఆరు నెలల్లో కొత్తగా కుదిరినవే చూడాలి.

అపోహ: ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకు) ఇంత అని గుణిస్తే అద్దె తేలిపోతుంది.

ఓనర్లు చెప్పే 1,200 ఎస్‌ఎఫ్‌టీ సాధారణంగా సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్ట్, కారిడార్లలో వాటా కూడా అందులోనే ఉంటుంది. కామన్ ఏరియాకు ఒక బిల్డింగ్‌లో పాతిక శాతం పోతే ఇంకోదాంట్లో ముప్పై పోతుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో, అంటే ఫ్లాట్ లోపల వాడుకునే స్థలంలో, లోపలి గోడలు కలుస్తాయి గానీ బయటి గోడలు, బాల్కనీ కలవవు. పోల్చాలంటే టేపు తీసుకుని హాలు, బెడ్‌రూములు కొలవండి.

అసలు సంగతేమిటంటే కిరాయిదారు ఎస్‌ఎఫ్‌టీ చూసి డబ్బు ఇవ్వరు, బెడ్‌రూములు లెక్కపెట్టి ఇస్తారు. 1,000 ఎస్‌ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్‌కు 20 వేలు వస్తోందని 1,250 ఎస్‌ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్‌కు 25 వేలు రావు. హాలు పెద్దదైనందుకు ఒక వెయ్యో రెండు వేలో కలుస్తాయి, అంతే.

మెయింటెనెన్స్ కలపకుండా పోల్చడం కూడా తప్పే. "22 వేలు, అన్నీ కలిపి" అన్నదానికన్నా "20 వేలు, మెయింటెనెన్స్ 2,500 వేరు" అన్నదే కిరాయిదారుకు ఖరీదైన ఇల్లు. ప్రతి ఫ్లాటుకూ జేబులోంచి నెలకు మొత్తం ఎంత పోతుందో రాసుకోండి. బోరు ఎండిపోయే అపార్ట్‌మెంట్లలో వేసవిలో ట్యాంకర్ల ఖర్చు కూడా మెయింటెనెన్స్ మీదే పడుతుంది. అందుకే మంజీరా (నగర నీటి సరఫరా) కనెక్షన్ ఉందా, జనరేటర్ లిఫ్టుకేనా ఫ్లాట్లకు కూడానా అన్నవి తప్పక రాయాలి.

అపోహ: కూకట్‌పల్లి అంటే కూకట్‌పల్లి రేటే.

జేఎన్‌టీయూ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే వీధికీ, ఆటో ఎక్కాల్సిన వీధికీ ఒక్క రేటు ఉండదు. హైవే ఒక పక్క నుంచి రెండో పక్కకు దాటాలంటే పట్టే సమయాన్ని కూడా కిరాయిదారు లెక్కేస్తారు. గేటెడ్ కమ్యూనిటీ రేటును అయిదంతస్తుల విడి అపార్ట్‌మెంటుకు ఆపాదించడం మరీ పొరపాటు. పోలికకు మొదట మీ వీధి, తర్వాత పక్క వీధులు, ఆ పైనే కాలనీ.

అపోహ: ఈఎంఐకి సరిపడా అద్దె రావాలి.

60 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ సుమారు 52 వేలు. అదే ఫ్లాటుకు అద్దె అందులో సగం రావడమూ కష్టమే. మీ అప్పుతో కిరాయిదారుకు సంబంధం లేదు.

అపోహ: ఎక్కువ చెబితే బేరానికి చోటుంటుంది.

లెక్క వేసి చూడండి. 20 వేలకు వెంటనే ఇస్తే ఏడాదికి 2,40,000. 22 వేల కోసం ఒక నెల ఆగితే 2,42,000. ఖాళీ నెల మెయింటెనెన్స్ 2,500 మీరే కట్టాలి కాబట్టి ఆ రెండు వేలూ అక్కడే పోయాయి. రెండు నెలలు ఆగితే 2,20,000, దాన్లోంచి మెయింటెనెన్స్ అయిదు వేలు తీసేయాలి. బేరానికి అయిదు వందలు, మహా అయితే వెయ్యి ఉంచుకుంటే చాలు. ఫోన్లు వస్తూ ఎవరూ ఇల్లు చూడటానికి రాకపోతే రేటులోనో ఫొటోల్లోనో లోపం ఉంది. చూసి వెళ్లినవాళ్లు మళ్లీ మాట్లాడకపోతే లోపం ఇంట్లో ఉంది: చెమ్మ, బాత్రూమ్ వాసన, కారు పట్టని పార్కింగ్. ఆ లోపాన్ని వదిలేసి ముందు అద్దె తగ్గించడం అనవసరం.

నెలను కూడా చూడాలి. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా మారతాయి. ఆషాఢం వస్తే అద్దె ఇంట్లోనైనా సరే పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు, శ్రావణం దాకా ఆగుతారు. పుష్యంలోనూ ఇంతే. ఇల్లు మే చివర ఖాళీ అవుతుంటే, ఆషాఢం రాకముందే కుదిరే రేటు చెప్పడం మంచిది.

అపోహ: మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే అద్దె పెరిగి ఖర్చు తిరిగొస్తుంది.

రెండున్నర లక్షలు పెట్టి నెలకు మూడు వేలు ఎక్కువ తెచ్చుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. అప్పటికి తలుపుల అంచులు ఊడి, హింజులు మార్చాల్సి వస్తుంది. గీజర్, దోమల మెష్, వాషింగ్ మెషీన్‌కు పాయింటు, కొత్త సున్నం తక్కువ ఖర్చులో అయిపోతాయి. ఇల్లు త్వరగా కుదరడానికి పనికొచ్చేవి ఇవే.

అపోహ: బ్రోకర్ ఎక్కువ అద్దెకే ఇప్పిస్తాడు, ఆయన కమీషనూ పెరుగుతుంది కదా.

కమీషన్ సగం నెల అద్దె అనుకుంటే, అద్దె వెయ్యి పెరిగితే బ్రోకర్‌కు దక్కేది అయిదు వందలు. దానికోసం ఆయన నెల ఆగరు. బ్రోకర్‌కు కావలసింది త్వరగా కుదరడం. ఆయన చెప్పిన అంకెను కనీస రేటుగా తీసుకుని, మీ నోట్‌బుక్‌తో పోల్చండి.

అపోహ: పాన్ నంబర్ ఇవ్వకపోయినా అద్దెలో తేడా రాదు.

వస్తుంది. ఏడాది అద్దె లక్ష దాటితే, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు తీసుకునే ఉద్యోగి ఓనరు పాన్ చూపించాలి. ఈ మినహాయింపు దొరికే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు పాన్ ఇవ్వని ఓనరును వదిలేస్తారు, లేదా ఆ నష్టం మేరకు అద్దె తగ్గించమంటారు. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా కిరాయిదారు సాధారణంగా అందులో 31.2 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసి, ప్రభుత్వానికి కట్టాలి. దీనికి టాన్ (పన్ను కోసేవారికి ఇచ్చే నంబర్) తీసుకోవడం, రిటర్నులు వేయడం కిరాయిదారు నెత్తిన పడే పని. కాబట్టి అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాట్ అద్దెకిచ్చేవారు ఈ విషయం మొదటి ఫోన్‌లోనే చెప్పి, ఆ ఫైలింగ్‌కు అయ్యే ఆడిటర్ ఫీజు తామే ఇస్తామంటే అద్దె తగ్గించకుండానే ఇల్లు కుదురుతుంది.