ఉస్మానియా పాత భవనం: అభిమానం ఎటు నడవాలి?

2020 జూలైలో వార్డుల్లోకి వాననీరు చేరడంతో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసివేశారు. దాన్ని కూల్చి కొత్తది కట్టాలని 2015లోనే ప్రభుత్వం ప్రతిపాదించినప్పటి నుంచి, ఆ గుమ్మటాలను ముట్టుకోవద్దన్న చరిత్రాభిమానులకూ, పెచ్చులూడే కప్పు కింద వైద్యం చేయలేమన్న వైద్యులకూ మధ్య వాదం సాగుతూనే వచ్చింది. ఇద్దరిదీ ఈ ఊరి మీద ప్రేమే. అయితే ఆ భవనం ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే, వారి కోరికలు ఒకదానికొకటి ఎదురు నిలవవలసినవి కావని తెలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సుమారు 15 వేల మందిని పొట్టన పెట్టుకుందని చెబుతారు. ఇప్పటి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న మాట నగరంలో తరతరాలుగా వినిపిస్తోంది. ఆ చెట్టు నేటికీ ఉంది. ఆ విపత్తు తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువనే నీటిని ఆపాలన్న ఆయన సూచనతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను అడ్డుకోవడానికి తలపెట్టిన ఆ జలాశయాలే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీల స్థానంలో రోడ్లు, ఇళ్లు నిర్మించే పని చేపట్టింది. ఆ వరుసలోనే బ్రిటిష్ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచింది. ఈనాడు మనం ఫొటోలు తీసుకునే కట్టడాల్లో చాలావాటికి పునాది జనం పడ్డ ఇక్కట్లే.

పరిరక్షణ ఉద్యమాలు మాత్రం ఎక్కువగా కూల్చివేతను ఆపడం చుట్టూనే తిరిగాయి. 1981 నాటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనల్లో, చారిత్రక కట్టడాలకు రక్షణ ఇచ్చే 13వ నిబంధన అందుకు ఆధారమైంది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టివేయడం ఆ పోరాటాలకు దక్కిన పెద్ద గెలుపు. ఆ గెలుపు అవసరమే. కానీ గోడ నిలిచినంత మాత్రాన చుట్టుపక్కల వారికి ఏమి ఒరుగుతుందన్న ప్రశ్నకు తీర్పుల్లో సమాధానం దొరకదు.

సమాధానం కొంతవరకు సికింద్రాబాద్ వైపు బన్సీలాల్‌పేటలో కనిపించింది. దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయిన అక్కడి మెట్లబావిని స్వచ్ఛంద కార్యకర్తలు, నగరపాలక సంస్థ కలిసి తవ్వి తీయగా, ఊట మళ్లీ పైకి వచ్చింది. 2022 డిసెంబరులో దాన్ని ప్రజలకు తెరిచారు. చూడవచ్చిన వారికి అందం, భూగర్భానికి నీరు, బస్తీకి కూర్చునే చోటు ఒక్క పనితోనే దక్కాయి. నా దృష్టిలో అభిమానం నడవవలసిన దారి ఇదే.

ఉస్మానియా విషయానికొస్తే, 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పడకల అవసరం అక్కడ తీరితే, పాత భవనాన్ని బాగుచేసి ఏం చేయాలన్నది మిగులుతుంది. దాన్ని ఖాళీ ప్రదర్శనశాలగా వదిలేయకుండా, కనీసం కింది అంతస్తులోనైనా పాతబస్తీ పేదలకు ఓపీ సేవలు నడపాలని, ఇన్నాళ్లూ దాని కోసం పోరాడిన వారే ముందుగా అడగాలి.