పాడ్‌కాస్ట్ పెడితే క్లయింట్లు వస్తారా? అపోహలు - వాస్తవాలు

నా పని పాడ్‌కాస్ట్‌లు తయారు చేయడం. ఆర్కిటెక్ట్‌లు, అకౌంటెంట్లు, ఫిజియోథెరపిస్టులు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. రికార్డింగ్ నుంచి అప్‌లోడ్ దాకా అంతా చూసుకుంటాను. వీళ్ళలో ఎవరికీ పాడ్‌కాస్టర్‌గా పేరు తెచ్చుకోవాలన్న కోరిక లేదు. తమ పనికి క్లయింట్లు కావాలి, అంతే. మొదటి మీటింగ్‌లో దాదాపు అందరి నోటా అవే మాటలు వింటాను. అందులో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

అపోహ: డౌన్‌లోడ్‌లు వేలల్లో ఉంటే తప్ప వ్యాపారానికి పనికిరాదు

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

అసలు డౌన్‌లోడ్ అంటే ఏమిటి? ఈ రంగంలో అందరూ వాడే ఐఏబీ టెక్ ల్యాబ్ (డిజిటల్ ప్రకటనలకు ప్రమాణాలు తయారుచేసే సంస్థ) కొలత ప్రకారం, కనీసం ఒక నిమిషం ఆడియోకి సరిపడా ఫైలు దిగితే ఒక డౌన్‌లోడ్. ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా), ఒకే యాప్ నుంచి 24 గంటల్లో ఎన్నిసార్లు దిగినా ఒక్కటే లెక్క. అంటే ఫైలు దిగిందని మాత్రమే తెలుస్తుంది, దాన్ని ఎవరైనా విన్నారో లేదో తెలియదు. 2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ల కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చినప్పుడు ఆపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌లో ఎపిసోడ్‌లు వాటంతటవే దిగే పద్ధతి మారింది. చాలా షోల అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. వినేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. వినకుండా ఫోన్లలో పడి ఉండే ఫైళ్ళు లెక్కలోంచి తప్పుకున్నాయి, అంతే. ఆ రోజుల్లో "మన షో చచ్చిపోయిందా సార్?" అని నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు.

నేను చేసే షోల్లో అన్నిటికంటే తక్కువ డౌన్‌లోడ్‌లు ఒక ఆర్కిటెక్ట్ గారివి. ఎపిసోడ్‌కి అరవై, మహా అయితే డెబ్భై. ఆవిడ సొంత ఇల్లు కట్టుకునేవాళ్ళతో పనిచేస్తారు. ఏడాదికి పది ఇళ్ళు చేతిలో ఉంటే ఊపిరి సలపదు. అంటే ఆవిడకి కావలసింది పది కుటుంబాలు.

ఇదివరకు కొత్తవాళ్ళతో మొదటి మీటింగ్ రెండు గంటలు సాగేది. అందులో గంటన్నర అందరికీ చెప్పిన మాటలే మళ్ళీ చెప్పడం. ఫీజులో ఏమేం వస్తాయి, పని మధ్యలో ప్లాన్ మారిస్తే ఏమవుతుంది, కాంట్రాక్టర్ ఉండగా ఆర్కిటెక్ట్ ఎందుకు. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే మీటింగ్‌కి ముందు రెండు ఎపిసోడ్‌ల లింకులు వాట్సాప్‌లో పంపుతారు. విని వచ్చినవాళ్ళు ఫీజు గురించి కాకుండా తమ ఇంటి గురించి మాట్లాడడం మొదలుపెడతారు. విన్నాక రావడం మానేసినవాళ్ళూ ఉన్నారు. 'పని మధ్యలో ప్లాన్ మార్చితే' అన్న ఎపిసోడ్ విని ఒకాయన "మాకు సరిపడదండీ" అని మర్యాదగా మెసేజ్ పెట్టి తప్పుకున్నారు. ఆవిడ దాన్నీ లాభం కిందే వేసుకున్నారు.

నేను ఇన్నేళ్ళలో చూసింది ఇదే. గుమ్మం దాకా వచ్చి తటపటాయిస్తున్నవాళ్ళను లోపలికి తీసుకురావడంలో పాడ్‌కాస్ట్‌కి సాటి లేదు. దారిన పోయేవాళ్ళను పిలిచి నిలబెట్టడం దానికి అంతగా చేతకాదు. అందుకే నా క్లయింట్లకు డౌన్‌లోడ్ రిపోర్టు పక్కన ఇంకో చిన్న పట్టిక పెట్టిస్తాను. ఎంక్వైరీ ఎప్పుడు వచ్చింది, ఏ ఎపిసోడ్ విన్నామన్నారు, పని కుదిరిందా లేదా. ఫోన్ ఎత్తినవాళ్ళు "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి రాసుకుంటే చాలు, దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

అపోహ: మంచి గొంతు, మంచి స్క్రిప్టు ఉండాలి

అదే ఆర్కిటెక్ట్ గారి మొదటి రికార్డింగ్. నాలుగు పేజీల స్క్రిప్టు రాసుకొచ్చారు. "మిత్రులారా, గృహనిర్మాణం ప్రతి ఒక్కరి కల" అని మొదలైంది. అయిదు నిమిషాలకే ఆవిడకీ విసుగొచ్చింది, నాకూ విసుగొచ్చింది. స్క్రిప్టు పక్కన పెట్టించి అడిగాను: "నిన్న ఫోన్ చేసినాయన ఏమడిగారు మేడమ్?"

"ఓ... ఆయనా? పునాది అయిపోయాక మెట్లు అటునుంచి ఇటు మార్చొచ్చా అని. మార్చొచ్చండీ, కానీ మెట్లు ఒక్కటే మారవు కదా! మెట్ల కింద బాత్‌రూమ్ ఉంది, దాని పైపులున్నాయి, పైన స్లాబ్‌లో ఖాళీ వదలాల్సిన చోటుంది..." అంటూ చేతులు తిప్పుతూ పదకొండు నిమిషాలు ఆగకుండా చెప్పారు. రికార్డర్ ఆన్‌లోనే ఉంది. అదే మొదటి ఎపిసోడ్ అయింది. ఏడో నిమిషంలో వాళ్ళ కుక్క రెండుసార్లు మొరిగింది. తీసేద్దామని చాలా ప్రయత్నించాను. సరిగ్గా ముఖ్యమైన వాక్యం మీదే మొరగడంతో కుదరలేదు, వదిలేశాను.

అప్పటినుంచి ఏ క్లయింటుకైనా నేనిచ్చే హోంవర్క్ ఒకటే. రెండు వారాలపాటు ఫోన్‌లో, మెయిల్‌లో జనం అడిగే ప్రశ్నలు వాళ్ళు అన్న మాటల్లోనే రాసుకోవాలి. మన రంగం భాషలోకి మార్చకూడదు. అకౌంటెంట్ 'పన్ను ప్రణాళిక' అంటారు, ఆయన క్లయింటు మాత్రం "నోటీసు వచ్చింది, భయపడాలా?" అని అడుగుతాడు. ఎపిసోడ్ పేరు రెండోది కావాలి. డబ్బు కట్టేముందు మనిషి మనసులో మెదిలే ప్రశ్నలు ఏ వృత్తిలోనైనా ఓ ఇరవై దాకా ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో ఎపిసోడ్ చేస్తే దాదాపు రెండు సీజన్లకు సరుకు దొరికినట్టే.

మొత్తం రహస్యాలు చెప్పేస్తే మన దగ్గరికి ఎందుకొస్తారు అని కొందరు జంకుతారు. ఆ ఎపిసోడ్ విని ఎవరూ మెట్లు సొంతంగా డిజైన్ చేసుకోలేదు. ఇందులో ఇంత ఉందా అని ఫోన్ చేశారు.

అపోహ: పేరున్నవాళ్ళను పిలిస్తే వాళ్ళ ఫాలోయర్లు మనవాళ్ళైపోతారు

నా సొంత షో ఇలాగే మునిగింది. మార్కెటింగ్‌లో పేరున్నవాళ్ళను బతిమాలి పిలిచి నలభై ఎపిసోడ్‌లు చేశాను. చాలామంది కనీసం లింకు కూడా షేర్ చేయలేదు. వాళ్ళను తప్పుపట్టలేం, అలాంటి ఇంటర్వ్యూలు వాళ్ళు ఎన్నో ఇస్తారు. మరి విన్నది ఎవరు? నాలాగే పాడ్‌కాస్ట్‌లు ఎడిట్ చేసుకునేవాళ్ళు. వాళ్ళు నాకు పని ఎందుకిస్తారు?

క్లయింటు మన దగ్గరికి రావడానికి కాస్త ముందు ఎవరి దగ్గరికి వెళ్తాడో వాళ్ళను పిలవాలి. ఫిజియోథెరపిస్టు అయితే ఎముకల డాక్టరును, ఆటల కోచ్‌ని. ఆర్కిటెక్ట్ అయితే స్ట్రక్చరల్ ఇంజనీరును, ఇంటి లోన్లు చూసే మనిషిని. గంటసేపు ఎదురుగా కూర్చుని మాట్లాడాక మన పని పద్ధతి వాళ్ళకి తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరైనా అడిగితే మన పేరే గుర్తొస్తుంది. ఎపిసోడ్ వినేవాళ్ళ సంగతి అటుంచితే, ఆ ఒక్క పరిచయమే చాలాసార్లు ఖర్చు తిరిగి తెస్తుంది.

మనం క్లయింట్లుగా కావాలనుకునేవాళ్ళనే గెస్టులుగా పిలిచే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది, కానీ జాగ్రత్త. ఒకసారి రికార్డింగ్ అయిపోగానే, హెడ్‌ఫోన్స్ ఇంకా చెవుల మీద ఉండగానే, నా ప్యాకేజీల గురించి మొదలుపెట్టాను. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి ముఖం మాడిపోయింది. "ఓహో, ఇందుకా పిలిచారు" అన్నారు. ఆ ఎపిసోడ్ లింకు పంపితే జవాబు కూడా రాలేదు. ఇప్పుడు రికార్డింగ్ రోజున పని మాట ఎత్తను. ఎపిసోడ్ వచ్చాక వాళ్ళకి నచ్చిన ఓ చిన్న క్లిప్ చేసి పంపుతాను. అవసరముంటే వాళ్ళే అడుగుతారు.

అపోహ: ఖరీదైన మైకు లేకపోతే పరువు పోతుంది

గది బాగోకపోతే ఏ మైకైనా దండగే. ఖాళీ గోడలు, నున్నటి నేల ఉన్న గదిలో గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుంటే సగం సమస్య తీరుతుంది. మామూలు గదుల్లో కండెన్సర్ మైకుకంటే డైనమిక్ మైకు నయం, చుట్టుపక్కల చప్పుడు తక్కువ పట్టుకుంటుంది. నోటికి జానెడు కంటే దూరం ఉండకూడదు. అందరూ మోజుపడే షూర్ ఎస్‌ఎమ్7బీ మైకుకి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచడం) కావాలి. మైకుని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌తో అంత పెంచితే 'స్స్' అనే శబ్దం కూడా వెంట వస్తుంది. చివర్లో ఫైలు లౌడ్‌నెస్ ఆపిల్ చెప్పినట్టు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర పెడితే వినేవాళ్ళు మాటిమాటికీ వాల్యూమ్ సర్దుకోనక్కర్లేదు.

అపోహ: వారం తప్పితే అంతా పోయినట్టే

అరగంట ఎపిసోడ్ శుభ్రంగా ఎడిట్ చేయడానికి ఇప్పటికీ నాకు మూడు, నాలుగు గంటలు పడుతుంది. వ్యాపారం చేసుకునే మనిషికి ఇది ప్రతి వారం సాధ్యమయ్యే పనేనా? ఉత్సాహంగా మొదలుపెట్టి ఏడో ఎపిసోడ్ దగ్గర చడీచప్పుడు లేకుండా ఆగిపోయిన షోలు కోకొల్లలు. ఎనిమిదో పదో ఎపిసోడ్‌లు ముందే రికార్డు చేసుకుని, సీజన్ అని పేరు పెట్టి వదలండి. తర్వాత ఆగండి. ఫాలో అయినవాళ్ళ యాప్ మీ ఫీడ్‌ని, అంటే మీ ఎపిసోడ్‌ల జాబితా ఉండే ఫైలుని, చూస్తూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత కొత్తది వేసినా అది వాళ్ళకి చేరుతుంది.

అపోహ: యాప్‌లో పెడితే జనం వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు

రారు. 'ఎపిసోడ్ 12: ఒక ఆసక్తికరమైన సంభాషణ' అని పేరు పెడితే మన బంధువులు కూడా రారు. మీ కొటేషన్ మెయిల్ కింద, మెయిల్ సంతకంలో, ఎవరైనా సందేహం అడిగినప్పుడు జవాబుగా, ఇలా లింకు మీరే చేతికివ్వాలి. ఎపిసోడ్ సారాంశం మీ వెబ్‌సైట్‌లో తెలుగులో రాసి పెట్టండి. ఆపిల్ 2024 మార్చిలో ట్రాన్‌స్క్రిప్టులు (ఎపిసోడ్‌లోని మాటలను రాతలో చూపించడం) మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ మాత్రమే ఉన్నాయి. వాళ్ళ మీద ఆధారపడి కూర్చోవడం దేనికి?

వీడియో సంగతి కూడా అడుగుతుంటారు. కొత్తవాళ్ళ కంట పడాలంటే యూట్యూబ్ మేలే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కెమెరా అనగానే బిగుసుకుపోయేవాళ్ళయితే మొదటి సీజన్ ఆడియోకే పరిమితం చేయండి.

అపోహ: హోస్టింగ్, ఫీడ్ లాంటివి టెక్నికల్ వాళ్ళు చూసుకుంటారు

చూసుకోనివ్వండి, కానీ అకౌంట్ మాత్రం మీ మెయిల్ మీద ఉండాలి. 2005 జూన్‌లో ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్ట్‌లు చేరినప్పటి నుంచీ పద్ధతి ఇదే. ఫైలు మీ హోస్ట్ (ఆడియో ఫైళ్ళు దాచి అందించే సర్వీసు) దగ్గర ఉంటుంది, యాప్ మీ ఫీడ్ (దీన్నే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు) చదివి చూపిస్తుంది. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినా షోలు బతికే ఉన్నాయంటే కారణం అదే. నా దగ్గరికి వచ్చిన ఒకరి ఫీడ్ పాత ఏజెన్సీ తన అకౌంట్‌లో పెట్టుకుంది. గొడవపడి విడిపోయాక పాత ఫీడ్ నుంచి యాప్‌లను కొత్త హోస్ట్‌కి మళ్ళించే రీడైరెక్ట్ పెట్టడానికి ఒప్పుకోలేదు. మూడేళ్ళలో కూడబెట్టుకున్న ఫాలోయర్లు అక్కడే ఉండిపోయారు, మేం సున్నా నుంచి మొదలుపెట్టాం.

అపోహ: మూడు నెలల్లో ఫలితం తేలిపోతుంది

ఇల్లు కట్టుకోవడం, ఆడిటర్‌ని మార్చడం లాంటివి ఎపిసోడ్ విన్న రోజే తీసుకునే నిర్ణయాలు కావు. విన్నది మనసులో ఎక్కడో ఉండిపోతుంది, అవసరం వచ్చిన రోజు బయటికి వస్తుంది. పోయిన నెల ఆర్కిటెక్ట్ గారు నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు. మెట్ల ఎపిసోడ్ వచ్చి రెండేళ్ళు దాటింది. దాన్ని అప్పుడెప్పుడో విన్న ఒకావిడ ఇప్పుడు స్థలం కొనుక్కుని ఫోన్ చేశారట. తన పేరైనా చెప్పకముందే అడిగిన మొదటి ప్రశ్న: "మీ కుక్క బాగుందాండీ?"